శివారు దాకా మందు ఎప్పుడు చేరుతుంది: గుండెకి రక్తం తగ్గినప్పుడు స్టెరాయిడ్ దారి కనుక్కునే పద్ధతి

ఏటా మా ఫార్మసీ పిల్లలకి ఒక ప్రశ్న వేస్తాను. "గుండెపోటు వచ్చిన మనిషికి నరంలోకి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చారు. పది నిమిషాలైంది. ఇప్పుడా మందు ఎక్కడుంది?" ముందు బెంచీ వాళ్ళు "ఒళ్ళంతా ఉంటుంది మేడం" అంటారు. వెనక బెంచీలోంచి "గుండెలో" అని వినిపిస్తుంది, గుండెపోటు కదా అని. అప్పుడు నేను మాట మారుస్తాను. "బొబ్బర్లంక దగ్గర కాలువ మొదట్లో హెడ్ స్లూయిస్ తలుపులు ఎత్తి పది నిమిషాలైంది. కాలువ చివర, అల్లవరం అవతల మా చేను తడిసిందా?" కోనసీమ పిల్లలు నవ్వేస్తారు. ఆ జవాబు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మాది శివారు భూమి, అంటే కాలువ చిట్టచివర నీరందేది, మూడెకరాలు. కాలువలో నీళ్ళున్నాయి అనే మాటకీ, చేలో నీళ్ళున్నాయి అనే మాటకీ ఎంత దూరం ఉందో చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూశాను. మందుల పాఠం చెప్పడం మొదలెట్టాక అదే తేడా మళ్ళీ ఎదురైంది. రక్తంలో మందుంది అంటే కాలువలో నీళ్ళున్నాయి అని మాత్రమే. కణజాలంలోకి వెళ్ళిందా, ఎప్పుడు వెళ్ళింది, వెళ్ళి పని మొదలెట్టిందా అన్నవి వేరే ప్రశ్నలు. ఇవి విడివిడిగా అడగడం వస్తే పుస్తకం మూసేసి కూడా లెక్క చెప్పొచ్చు. ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకోండి.

ముందు ఏ నీరు తగ్గిందో తేల్చండి

"గుండెకి రక్తం సరిగా ఆడట్లేదు" అని మన ఇళ్ళలో రెండు రకాల జబ్బుల్నీ ఒకే మాటతో చెప్పేస్తారు. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ నాళం పూడుకుపోవడం ఒకటి. గుండే నీరసించి ఒంటికి పంపే రక్తం తగ్గిపోవడం ఇంకొకటి. మొదటిది బోదెకి, అంటే చేలోకి పారే పిల్లకాలువకి, గుర్రపుడెక్క అడ్డం పడటం లాంటిది. పైన కాలువ నిండుగానే పారుతుంది, ఆ బోదె కిందున్న నాలుగెకరాలే ఎండుతాయి. రెండోది ధవళేశ్వరంలోనే మట్టం పడిపోవడం. అప్పుడు తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అన్న తేడా లేదు, ప్రతి కాలువ చివరా ఏడుపే. పెద్ద గుండెపోటులో రెండూ కలుస్తాయి. కండరం ఎండి, ఆ ఎండిన కండరం వల్ల పంపు బలహీనపడుతుంది.

కాగితం పైన ఈ రెంటిలో ఏదో రాయకుండా ముందుకెళ్ళకండి. పరీక్ష పేపర్లలో నేను కొట్టేసే మార్కుల్లో సగం ఇక్కడివే.

ఇంకో సంగతి. గుండె గదుల నిండా రక్తం ఉంటుంది కానీ గోడకి కావలసిన రక్తాన్ని అందులోంచి నేరుగా పీల్చుకోలేదు. బృహద్ధమని మొదట్లో, తలుపు దాటగానే ఉండే రెండు తూములే కరోనరీలు. అంటే గుండె తన వాటా హెడ్ దగ్గరే తీసుకుంటుంది. అయితే ఎడమ గది గోడలో పారుదల ఎక్కువగా గుండె వదులైనప్పుడే జరుగుతుంది. బిగిసినప్పుడు కండరం తన నాళాల్ని తనే నొక్కేసుకుంటుంది. గుండె మరీ పరుగెడితే ఆ వదులు సమయం తగ్గిపోతుంది. గోడ లోపలి పొర అన్నిటికన్నా శివారు, ఎండటం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

కాలువల పటం గీయండి

విశ్రాంతిగా ఉన్న పెద్ద మనిషి గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు పంపుతుంది. కాగితం పైన ఒక పెద్ద గీత, దాన్నుంచి కొమ్మలు. మూత్రపిండాలకి లీటరు పైచిలుకు. పేగుల మీదుగా వచ్చేది కూడా కలుపుకుని కాలేయానికి లీటరున్నర దగ్గర. మెదడుకి 700 మిల్లీలీటర్లు. గుండె కండరానికి పావు లీటరు. ఊరికే కూర్చున్న మనిషి కండరాలన్నిటికీ కలిపి లీటరు లోపు. మిగతాది చర్మం, కొవ్వు, ఎముకలు పంచుకుంటాయి.

ఇక్కడ ఆగి ప్రతి కొమ్మ పక్కనా ఆ అవయవం బరువు రాయండి. చాలామంది ఈ పని చేయరు, అందుకే వాళ్ళ పటం ఎందుకూ పనికిరాదు. రెండు కిడ్నీలూ కలిపి 300 గ్రాములు, గుండె కూడా అంతే. ఒంటి కండరాలేమో దాదాపు 30 కిలోలు. కండరాలకి వచ్చే లీటరు, కిడ్నీకి వచ్చే లీటరు ఒకటే లీటరు కాదు. ఒకటి వంద ఎకరాలకి, ఒకటి ఎకరానికి. గ్రాముకి లెక్కేస్తే కిడ్నీకి నిమిషానికి దాదాపు 4 మిల్లీలీటర్లు, గుండెకి 0.8, మెదడుకి 0.5, కండరానికి 0.03. ఎవరిది శివారు భూమో ఇప్పుడు తెలిసిపోయింది.

పంపు బలహీనపడితే ఈ అంకెలన్నీ ఒకే తీరుగా తగ్గవు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరు చాలకపోతే ఏం చేస్తారు? వంతులు పెడతారు. మంచినీళ్ళ చెరువులు ముందు నింపుకోనిస్తారు, చేలకి తర్వాత. శరీరం కూడా అంతే. మెదడు, గుండె మంచినీళ్ళ చెరువులు. చర్మం, కండరాలు, పేగులు, కొంతమేరకి కిడ్నీలు వంతుల్లోకి వెళతాయి. నాడులు, హార్మోన్లు కాలువ తూములు చూసే లస్కర్లలా తిరిగి ఆ తూములన్నీ దించుకుంటూ పోతాయి. చల్లబడి చెమట పట్టిన చెయ్యి పట్టుకుంటే మీ చేతికి తగిలేది ఆ దించిన తూమే. పటంలో కండరం, చర్మం కొమ్మల మీద అడ్డగీతలు పెట్టండి. మెదడు కొమ్మ జోలికి పోకండి.

మందు గుణం రెండు నిమిషాల్లో చూసుకోండి

ప్రతి మందుకీ పారుదలే ముఖ్యం కాదు. కొన్ని మందులు కణం గోడ దాటలేక బయటే ఉండిపోతాయి, వాటికి గోడే అడ్డు. స్టెరాయిడ్లు అలా కావు. హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ అన్నీ కొవ్వులో కరిగే చిన్న అణువులు. కణం పొరలోంచి జారిపోతాయి. వీటికి రక్తం చేరడమే ఆలస్యం, చేరాక లోపలికి పోవడానికి పెద్దగా ఆలస్యం లేదు. అందుకే కాలువ లెక్క వీటికి చక్కగా సరిపోతుంది. మెదడు ఒక్కటే తేడా. దాని నాళాల గోడలో పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు డెక్సామెథసోన్‌ని, ప్రెడ్నిసోలోన్‌ని కొంత వెనక్కి తోడేస్తుంది.

రక్తం తక్కువైన కండరంలో ఆమ్లం పెరుగుతుంది. లిగ్నోకెయిన్ లాంటి క్షారగుణం మందులు ఆ ఆమ్లంలో చిక్కుకుపోతాయి. స్టెరాయిడ్‌కి విద్యుదావేశం లేదు కాబట్టి ఆమ్లమైనా ఒకటే, కాకపోయినా ఒకటే. ఈ ముక్క జవాబుపత్రంలో రాసిన పిల్ల ఇప్పటిదాకా ఒక్కతే దొరికింది నాకు.

మరి ఇంజెక్షన్ బుడ్డీ మీద 'సోడియం ఫాస్ఫేట్' అనో 'సోడియం సక్సినేట్' అనో ఎందుకుంటుంది? అసలు స్టెరాయిడ్ నీళ్ళలో కరగదు. కరగడానికి దానికో తోక తగిలిస్తారు. తోక ఉన్నంతసేపూ అది పని చేయదు, పొర కూడా సులువుగా దాటదు. డెక్సా ఫాస్ఫేట్ తోకని రక్తంలోనూ కణజాలాల్లోనూ ఉండే ఎంజైములు నిమిషాల్లో కత్తిరించేస్తాయి. సక్సినేట్ తోక తెగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, ఆ పనిలో కాలేయానికి పెద్ద వాటా ఉంది. మాత్రల్లో కూడా ఇలాంటి మెలిక ఒకటుంది. ప్రెడ్నిసోన్ నేరుగా పని చేయదు, కాలేయం దాన్ని ప్రెడ్నిసోలోన్‌గా మార్చాలి. గుండె నీరసించి కాలేయం ఉబ్బిన మనిషికి ఈ 'లోన్' అన్న రెండక్షరాలు చిన్న విషయం కాదు.

ఇక రక్తంలో బంధకాలు. ప్రెడ్నిసోలోన్ తక్కువ మోతాదులో నూటికి 90 వంతుల దాకా ప్రోటీన్లకి అతుక్కునే ఉంటుంది. మోతాదు పెరిగేకొద్దీ ఆ ప్రోటీను చాలక విడి మందు పెరుగుతుంది. డెక్సా ముప్పావు వంతు అతుక్కుంటుంది, అదీ ముఖ్యంగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కే. కణంలోకి దిగేది విడిగా ఉన్నది మాత్రమే. కాళ్ళ వాపులతో, తిండి లేక ఆల్బుమిన్ పడిపోయిన ముసలివాళ్ళలో అదే మోతాదు ఎక్కువ దెబ్బ కొడుతుంది. ఆల్బుమిన్ డెసిలీటరుకి 2.5 గ్రాముల కన్నా తగ్గినవాళ్ళలో ప్రెడ్నిసోన్ దుష్ఫలితాలు పెరుగుతాయని 1970ల మొదట్లోనే గమనించారు.

లెక్క వేయండి

సూత్రం ఒక్కటే. ఒక గ్రాము కణజాలం మందుతో సగం నిండటానికి పట్టే కాలం కావాలంటే 0.693ని ఆ గ్రాముకి వచ్చే పారుదలతో భాగించండి. మందుకి రక్తం కన్నా ఆ కణజాలం ఎంత ఇష్టమో ఆ అంకెతో హెచ్చవేయండి. తేలిక కోసం ఆ ఇష్టం 1 అనుకుందాం.

కిడ్నీకి పది సెకన్లు. మామూలు గుండె కండరానికి 0.693 బై 0.8, అంటే 52 సెకన్లు. తీరిగ్గా ఉన్న కాలి కండరానికి 23 నిమిషాలు. వంతులు మొదలై కాలి కండరానికి వచ్చేది మూడో వంతుకి పడిందనుకోండి, 69 నిమిషాలు.

ఇప్పుడు పూడుకున్న నాళం కిందున్న గుండె ముక్క. పక్క నాళాల్లోంచి సందుగొందుల్లో వచ్చే కాస్త రక్తం, మామూలులో పదో వంతు, అనుకుందాం. 8.7 నిమిషాలు. నలభయ్యో వంతే వస్తే 35 నిమిషాలు. అసలేమీ రాకపోతే లెక్క లేదు, భాగహారం సున్నాతో చేయలేం. ఈ పక్క దారులు జంతువు జంతువుకీ మారతాయి. కుక్కలో బాగా ఉంటాయి, పందిలో దాదాపు ఉండవు. అందుకే నాళం ముడేసి మందు ఎక్కడికి పోయిందో చూసిన ప్రయోగం చదివేటప్పుడు మందు పేరు కన్నా ముందు జంతువు పేరు చూడమంటాను.

ఈ అంకెల పక్కన ఇంకో వరస రాయండి, రక్తంలో మందు సగం తగ్గడానికి పట్టే కాలం. హైడ్రోకార్టిసోన్‌కి గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రెడ్నిసోలోన్‌కి రెండు నుంచి నాలుగు, డెక్సాకి మూడు నుంచి నాలుగున్నర. కాలువలో నీళ్ళు గంటల తరబడి ఉన్నాయి, పదో వంతు పారుదలున్న కండరం సగం నిండటానికి తొమ్మిది నిమిషాలు చాలు. అంటే అది నిండుతుంది! లెక్క వేయక ముందు పిల్లలెవరూ ఇది ఊహించరు. రక్తం తగ్గితే స్టెరాయిడ్ వెళ్ళదు అని గుడ్డిగా రాసేస్తారు. వెళ్తుంది, ఆలస్యంగా. పారుదల పూర్తిగా ఆగిన నడిమి ముక్కకి మాత్రమే వెళ్ళదు.

సిరా పరీక్ష

నమ్మని వాళ్ళ కోసం క్లాసులో చేసేది ఇదీ. మూడు ఖాళీ సెలైన్ సీసాలు, మూడు కొత్త డ్రిప్ సెట్లు. ఒక్కో సీసాలో నీళ్ళు పోసి చెంచాడు నీలం సిరా కలపాలి. మూడు టీ వడకట్టు గరిటెల్లో ఒకే బరువున్న దూది ముద్దలు, ఒక్కోటి పది మిల్లీలీటర్ల నీళ్ళు పీల్చేంత. ముందే మామూలు నీళ్ళతో తడిపి ఉంచండి. కింద గాజు గ్లాసులు. ఇప్పుడు చక్రం తిప్పి మొదటి దాన్ని నిమిషానికి 60 చుక్కలకి, రెండోదాన్ని 12కి, మూడోదాన్ని 3కి పెట్టండి. మూడు చుక్కలకి పెట్టడం ఓపికతో కూడిన పని, చక్రం మీద వేలు ఆనితేనే మారిపోతుంది. చేతివాచీ చూసుకుంటూ ఒకరు దాని దగ్గరే కూర్చోవాలి.

మామూలు డ్రిప్ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. మన సూత్రం ప్రకారం మొదటి దూది సగం రంగు పట్టడానికి రెండు నిమిషాల చిల్లర, రెండోదానికి పదకొండున్నర, మూడోదానికి 46. మా పీరియడు 50 నిమిషాలు. గంట కొట్టేటప్పటికి మొదటి ముద్ద ముదురు నీలం, మూడోది అప్పుడే అంచు దాటిన లేత రంగు. దూది సిరాని కాస్త పట్టుకుంటుంది కాబట్టి అసలు లెక్క కన్నా ఇంకొంచెం ఆలస్యమవుతుంది. ఇందాక 'ఇష్టం' అన్నానే, అది ఇదే. పిల్లలకి మాటలతో అర్థం కానిది ఇక్కడ కంటికి కనబడుతుంది.

అసలు తమాషా రెండో పీరియడులో. సీసాలు మార్చి మంచినీళ్ళు వదలండి. మొదటి దూది గబగబా తెల్లబడుతుంది. మూడోది తన కాస్త రంగునీ పట్టుకుని కూర్చుంటుంది. ఆలస్యంగా తడిసిన చేను ఆలస్యంగానే ఆరుతుంది. మందు ఎక్కించిన తర్వాత నాళం పూడుకుపోతే ఆ ముక్కలో ఉన్న మందు అక్కడే చిక్కుకుంటుంది. పూడుకున్న తర్వాత ఎక్కిస్తే బయట ఆగిపోతుంది. ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే గుండె, ముందూ వెనకల తేడాతో రెండు వేర్వేరు పటాలు. స్టెంటు వేసి నాళం తెరిచారనుకోండి, అది చక్రం మళ్ళీ తిప్పడమే.

ఒకసారి మూడో సీసా చక్రం పూర్తిగా బిగిసిపోయి గంటన్నర పాటు ఒక్క చుక్కా పడలేదు, ఎవరూ చూసుకోలేదు. నేను తిట్టబోయి ఆగిపోయాను. పూర్తిగా పూడిన నాళానికి అంతకన్నా మంచి బొమ్మ దొరకదు.

చేరడం వేరు, పని చేయడం వేరు

లెక్క బాగా వచ్చిన పిల్లలు ఇక్కడ బోల్తా పడతారు. తొమ్మిది నిమిషాల్లో మందు చేరింది, ఇక గుండె కండరం బతికినట్టే అనుకుంటారు. స్టెరాయిడ్ కణంలో దూరి, గ్రాహకాన్ని పట్టుకుని, కేంద్రకంలోకి పోయి, ఏ జన్యువు పలకాలో ఏది ఊరుకోవాలో చెబుతుంది. దాని ఆజ్ఞ ప్రకారం ప్రోటీన్లు తయారవ్వాలి. దీనికి గంటలు పడుతుంది. అందుకే రక్తంలోంచి డెక్సా నాలుగు గంటల్లో సగం పోయినా దాని ప్రభావం ఒకటిన్నర రోజు, రెండు రోజులు నిలుస్తుంది.

రక్తం ఆగిన గుండె కండరానికి అంత తీరిక లేదు. కండరం అవసరానికి దాచుకునే శక్తి నిల్వ, ఫాస్ఫోక్రియాటిన్, నిమిషాల్లోనే అడుగంటిపోతుంది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి లోకానికి చూపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మాట చెప్పకుండా ఈ పాఠం దాటడం నా వల్ల కాదు. పారుదల పూర్తిగా ఆగితే 20 నుంచి 30 నిమిషాల్లో తిరిగిరాని నష్టం లోపలి పొర దగ్గర మొదలై బయటికి పాకుతుంది. మందు చేరే కాలం, మందు పని చేసే కాలం, కండరం ఆగే కాలం, ఈ మూడూ పక్కపక్కన రాసుకుంటే గుండెపోటుకి స్టెరాయిడ్ ఎందుకు మామూలు చికిత్స కాలేదో సగం అర్థమవుతుంది.

మిగతా సగం 1970లలో జరిగింది. 1973లో జంతువుల్లో హైడ్రోకార్టిసోన్ ఇస్తే చచ్చిన కండరం విస్తీర్ణం తగ్గిందని తేలింది, ఆశ పుట్టింది. తర్వాతి మూడేళ్ళలో మనుషుల్లో పెద్ద మోతాదుల మిథైల్ ప్రెడ్నిసోలోన్ మేలుకి బదులు కీడు చేస్తోందనీ, మచ్చ సరిగా కట్టక గుండె గోడ పలచబడి ఉబ్బుతోందనీ వ్యాసాలు వచ్చాయి. ఎండిన గుండెకి మరమ్మతు చేసేది కూడా వాపే, ఆ వాపుని స్టెరాయిడ్ అణిచేస్తుంది. తర్వాత ప్రయోగాలన్నీ కలిపి చూసినప్పుడు అంత కీడేమీ కనబడలేదు. కానీ నాళం తెరిచే చికిత్సలు అప్పటికే వచ్చేశాయి, ఈ దారి పక్కకి పోయింది.

తుంటి ఇంజెక్షన్ సంగతి

ఇదంతా నా సొంత ఇంటికి వచ్చిపడింది ఒక సంక్రాంతి ముందు రాత్రి. నాన్నకి కీళ్ళవాతం, ఏళ్ళ తరబడి రోజూ ప్రెడ్నిసోలోన్ 10 మిల్లీగ్రాములు. ఇంట్లో దాని పేరు 'కీళ్ళ మాత్ర'. ఆ రాత్రి ఒళ్ళంతా చెమట, ఆయాసం, చేతులు మంచులా చల్లబడ్డాయట. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి ఆయాసమే కదా అని తుంటిలో డెక్సా పొడిచి వెళ్ళాడు. రెండు మిల్లీలీటర్ల బుడ్డీ, 8 మిల్లీగ్రాములు. అంటే 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ మాత్రలు పది పైనే ఒక్కసారి మింగినట్టు. తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఇంజెక్షన్ చేశారు, తగ్గిపోతుందిలే" అన్నాడు. నేను మొదట అడిగింది చేతులు ఎలా ఉన్నాయని. చల్లగా ఉన్నాయన్నాడు. "అయితే ఆ మందు తుంటిలోనే ఉందిరా, ముందు 108కి ఫోన్ చెయ్యి" అన్నాను.

తుంటి కండరం పటంలో అడ్డగీత పెట్టిన కొమ్మ. అక్కడ పొడిస్తే నీళ్ళు అందని శివారు చేలో ఎరువు చల్లినట్టు. తడి వచ్చే దాకా కరగదు, వచ్చాక ఒక్కసారిగా దిగుతుంది. అందుకే బీపీ పడిపోయిన మనిషికి వీలైనంతవరకు మందు నరంలోకే ఇస్తారు.

పెద్దాసుపత్రిలో స్టెంటు వేశారు. నాళం తెరుచుకుంది కానీ బీపీ 80 దాటట్లేదు. "స్టెరాయిడ్ ఏమైనా వాడతారా?" అని డ్యూటీ డాక్టరు అడిగితే తమ్ముడు లేదన్నాడు. వాడి దృష్టిలో అది కీళ్ళ మాత్ర. తెల్లవారి నేను మాత్రల అట్ట తీసుకుని వెళ్ళి చూపించాక నరంలో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఏళ్ళ తరబడి బయటి స్టెరాయిడ్ మీద బతికిన మనిషిలో ఒంటి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది, కష్టకాలంలో లేవదు. మధ్యాహ్నానికి బీపీ నిలబడింది, చేతులు వెచ్చబడ్డాయి. ఆ సాయంత్రం షుగరు 340. ఆందోళనకి కొంత, హైడ్రోకార్టిసోన్‌కి కొంత, చేతులు వెచ్చబడ్డప్పుడే తుంటిలోంచి బయల్దేరిన పాత డెక్సాకి కొంత. వాటాలు పంచే కొలబద్ద లేదు కానీ మూడో వాటా సున్నా అని మాత్రం నన్ను నమ్మించలేరు.

అప్పట్నుంచి మా ఊళ్ళో ఎవరింట్లో గుండె జబ్బు, స్టెరాయిడ్ కలిసినా నేను చేయించే పనులు కొన్ని ఉన్నాయి. మాత్రల అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'స్టెరాయిడ్' అని పెద్దక్షరాలతో రాయించి, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టిస్తాను. మూడు వారాలు దాటి వాడుతున్నది హఠాత్తుగా మానొద్దంటాను. గుండె డాక్టరు దగ్గరికెళితే కీళ్ళ డాక్టరు చీటీ, అక్కడికెళితే ఇక్కడి చీటీ. మోతాదు మార్చడం వాళ్ళ పని, చీటీ చేర్చడం మన పని. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూసుకోమంటాను. స్టెరాయిడ్ ఉప్పునీ నీళ్ళనీ పట్టి ఉంచుతుంది, హైడ్రోకార్టిసోన్ ఎక్కువగా, డెక్సా దాదాపు లేనట్టే. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిన్న అన్నం కాదు.

నీరు పోవడానికి ఇచ్చే మాత్ర, స్టెరాయిడ్ రెండూ పొటాషియాన్ని బయటికి తోసేస్తాయి. వాటితో పాటు గుండెకి ఇచ్చే డిగాక్సిన్ కూడా ఉంటే గట్టిగా అడిగి పొటాషియం పరీక్ష చేయించుకోవాలి. డిగాక్సిన్ కూడా స్టెరాయిడ్ చట్రమున్న అణువే, అయితే దాని నడక వేరు. రక్తంలోంచి గుండెలోకి, కండరాల్లోకి సర్దుకోవడానికి ఆరు గంటలైనా పడుతుంది. మాత్ర వేసుకున్న గంటకే రక్తం తీసి మట్టం చూస్తే హెడ్ స్లూయిస్ దగ్గర కొలబద్ద చూసి శివారు తడిసిందనుకున్నట్టే. ఆరు గంటలాగి తీయమనండి.

షుగరు సంగతి కూడా అంతే, కొలిచే వేళ ముఖ్యం. పొద్దున ప్రెడ్నిసోలోన్ వేసుకునేవాళ్ళకి పరగడుపు షుగరు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. భోజనం అయ్యాక, సాయంత్రం వేళ ఎగురుతుంది. నాన్న నోటుపుస్తకంలో ఇప్పుడు పొద్దున గడి పక్కన ఇంకో గడి గీసి, 'సాయంత్రం 4, టీకి ముందు' అని అమ్మే రాసింది.